వారానికి రెండు గంటలతో సర్కారు బడి పిల్లలకు చదువు చెప్పొచ్చా?

మీరు హైదరాబాద్ కొండాపూర్‌లో ఉంటారు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శని ఆదివారాలు సెలవు. దగ్గర్లోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల పిల్లలకు ఉచితంగా చదువు చెప్పాలని ఉంది. బీఈడీ చేయలేదు, చిన్నపిల్లలతో అలవాటు లేదు. ఇంగ్లీష్ చెప్పాలా, లెక్కలు చెప్పాలా, అసలు వారానికి రెండు గంటలతో ఏమైనా ఒరుగుతుందా అని అడిగారు.

తప్పకుండా ఉపయోగం ఉంటుంది. పదమూడేళ్లుగా నేను చేస్తున్న పని ఇదే. మొదట అడ్డగుట్టలో, తర్వాత బోరబండ వైపు. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఒకటే. ఏ పిల్ల ఎక్కడ ఆగిపోయిందో కనుక్కుని అక్కడి నుంచి మొదలుపెట్టాలి, మొదలుపెట్టాక చెప్పిన రోజుకు చెప్పిన టైముకు వెళ్తూ ఉండాలి. ఈ రెండూ ఉంటే బీఈడీ లేని లోటు పెద్దగా కనపడదు. ఈ రెండూ లేకపోతే ఎంత చదువు ఉన్నా పిల్లలకు అందదు.

మొదటి ఏడాది జరిగింది చెప్తాను. మూడో తరగతి పాప ఒకతె ఉండేది. ఆ పిల్ల నోట్‌బుక్ చూసి ముచ్చటపడ్డాను. ముత్యాల్లాంటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. నెల రోజులు ఆ పాప జోలికి వెళ్లలేదు, బాగా చదువుతుందిలే అనుకుని వెనకబడ్డ పిల్లల దగ్గరే కూర్చున్నాను. ఒకరోజు ఊరికే, నువ్వు రాసింది చదివి వినిపించమ్మా అన్నాను. తను నోట్‌బుక్ వైపు చూడలేదు, నా మొహం చూసింది. నా పెదాలు ఏమైనా కదులుతాయేమో అని. తర్వాత తెలిసింది, ఆ పిల్లకు అక్షరాలు సగమే తెలుసు. బోర్డు మీద ఉన్నది బొమ్మ వేసినట్టు దించుతోంది. మూడేళ్లు బడికి క్రమం తప్పకుండా వచ్చిన పిల్ల. ఆ రోజు నుంచి నేను నోట్‌బుక్ చూసి ఎవరినీ అంచనా వేయలేదు. మీరు కూడా వేయకండి.

బీఈడీ గురించి మీ టెన్షన్ తీసేస్తాను. వడోదర, ముంబై నగరాల్లో 2001 నుంచి 2003 మధ్య, పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ సంస్థ ఒక పని చేసింది. హైస్కూలు చదువు పూర్తి చేసిన స్థానిక యువతులకు కొద్దిరోజుల శిక్షణ ఇచ్చి బడులకు పంపింది. మూడు, నాలుగు తరగతుల్లో వెనకబడిన పిల్లల్ని వాళ్లు రోజుకు రెండు గంటలు విడిగా కూర్చోబెట్టి చదువు చెప్పారు. బాలసఖి అని దాని పేరు. దాన్ని పరీక్షించి చూసిన అర్థశాస్త్రవేత్తల్లో అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో ఉన్నారు, తర్వాత 2019లో నోబెల్ అందుకున్నది వాళ్లే. ఆ పిల్లల చదువు నిజంగానే మెరుగుపడిందని తేలింది. అంత దూరం ఎందుకు, మన రంగారెడ్డి జిల్లాలోనే శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ 1990ల నుంచి పనిలో ఉన్న పిల్లల్ని బ్రిడ్జి క్యాంపుల్లో చదివించి, వాళ్ల వయసుకు తగ్గ తరగతిలో చేర్పించింది. అందులో ఊళ్లలోని యువకులే ముందుండి పనిచేశారు. ఆ కృషికే ఆమెకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. మామూలు మనుషులు చేయగలిగిన పని ఇది. కాకపోతే వాళ్లు రోజూ వెళ్లారు. మనం వారానికి రెండు రోజులు వెళ్తాం కాబట్టి ఆ తేడా గుర్తు పెట్టుకుని ఆశలు పెట్టుకోవాలి.

ఇక ఎక్కడికి వెళ్లాలి అంటే, నేరుగా బడికే వెళ్లి హెచ్‌ఎం గారిని, అంటే హెడ్‌మాస్టర్‌ని కలవండి. మీ పేరు, ఉద్యోగం, ఏ రోజు ఎన్ని గంటలకు వస్తారు, ఎంతకాలం వస్తారు అన్నది ఒక కాగితం మీద రాసి, ఆధార్ జిరాక్స్ జతచేసి ఇవ్వండి. కొండాపూర్, గచ్చిబౌలి బడులు శేరిలింగంపల్లి మండలం కిందికి వస్తాయి. హెచ్‌ఎం తన ఇష్టంతోనే ఒప్పుకోవచ్చు, ఎంఈఓ (మండల విద్యాధికారి) గారి అనుమతి తెమ్మనొచ్చు. తెమ్మంటే విసుక్కోకండి. ముక్కూ మొహం తెలియని మనిషిని పిల్లల మధ్యలోకి రానిచ్చేముందు అడిగి తీరాల్సిందే. ఒంటరిగా వెళ్లడం ఇబ్బంది అనిపిస్తే భూమి, యూ అండ్ ఐ లాంటి సంస్థలు వారాంతాల్లో క్లాసులు నడుపుతాయి, వాటితో మొదలుపెట్టొచ్చు. టీచ్ ఫర్ ఇండియా ఫెలోషిప్ రెండేళ్ల పూర్తికాలం పని, ఉద్యోగం మానేస్తే తప్ప కుదరదు. ఏ సంస్థ అయినా మిమ్మల్ని ఇంటర్వ్యూ చేసి, కనీసం ఒక విద్యా సంవత్సరం రావాలని గట్టిగా అడిగితే అది మంచి గుర్తు. రేపే వచ్చి చెప్పేయండి అన్నవాళ్ల దగ్గర నేనైతే ఒకసారి ఆలోచిస్తాను.

టైము విషయంలో నా సలహా వినండి. ఆదివారం ఒకేసారి రెండు మూడు గంటలు వద్దు. శనివారం బడి ఉంటుంది కదా, ఆ రోజు బడిలో ఒక గంట, బుధవారమో గురువారమో ఆఫీసుకు వెళ్లేముందు ఇంకో గంట పెట్టుకోండి. ఈ వయసు పిల్లలు ఏడు రోజుల్లో చాలా మరిచిపోతారు, మధ్యలో ఒకసారి కలిస్తే అది నిలబడుతుంది. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు వస్తాయి, అప్పుడు పొద్దున్నే వెళ్లాల్సి ఉంటుందని ఇప్పుడే ఆఫీసులో చెప్పి ఉంచుకోండి. పిల్లలు ఆరుగురికి మించొద్దు. హెచ్‌ఎం గారు ఇరవై మందిని అప్పగిస్తానంటారు, ఎందుకంటే ఒకే టీచర్ రెండు మూడు తరగతులు చూసే బడులు చాలా ఉన్నాయి. మర్యాదగా, ఆరుగురితో మొదలుపెడతాను మేడం అని చెప్పండి. ఇరవై మందికి చెప్తే పాఠం అప్పటికే తెలిసిన నలుగురే జవాబులు చెప్తుంటారు, మీకేమో అందరికీ వచ్చినట్టు అనిపిస్తుంది.

మొదటి రోజు పాఠం చెప్పకండి. ఏ4 కాగితం మీద పెద్ద అక్షరాలతో నాలుగు భాగాలు రాసుకుని వెళ్లండి: విడి అక్షరాలు పది, రెండు మూడు అక్షరాల మాటలు పది, నాలుగు తేలికైన వాక్యాలు, ఎనిమిది పది వాక్యాల చిన్న కథ. పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూడటానికి 2005 నుంచి దేశమంతా పల్లెల్లో జరుగుతున్న అసర్ సర్వేలో వాడే పద్ధతి ఇదే. ఒక్కొక్కరినే పక్కకు పిలిచి ముందు నాలుగు వాక్యాలు చదవమనండి. చదివితే కథ ఇవ్వండి. చదవలేకపోతే మాటలకు, అక్కడా ఆగితే అక్షరాలకు రండి. మాటలు గానీ అక్షరాలు గానీ ఏవైనా అయిదు తననే ఎంచుకోమని, నాలుగు సరిగ్గా చెప్తే ఆ మెట్టు వచ్చినట్టు లెక్క వేయండి. మిగతా పిల్లలు వినేంత దగ్గర్లో ఈ పని చేయొద్దు, చదవలేని పిల్లకు అది తలకొట్టేసినట్టు ఉంటుంది. మీకు నాలుగో తరగతి పిల్లలు ఆరుగురు దొరికితే వాళ్లు నాలుగు మెట్ల మీద ఉండటం మామూలే. మన తెలంగాణలో 2022లో వచ్చిన తొలిమెట్టు కార్యక్రమం ఈ పునాది చదువు కోసమే. అందుకని టీచర్ దగ్గర ఇప్పటికే పిల్లల స్థాయిలు రాసిన పట్టిక ఉండొచ్చు, అడిగి చూడండి. మీ పరీక్షకూ దానికీ తేడా వస్తే టీచర్‌తో వాదన పెట్టుకోవద్దు, మీ కాగితం ప్రకారం మీరు వెళ్లండి.

తెలుగు చదవడం దగ్గర కాసేపు ఆగుతాను, నా అనుభవమంతా ఎక్కువ అక్కడే ఉంది. పిల్లలు క, కా, కి, కీ అని గుణింతం మొత్తం ఒక్క ఊపిరిలో అప్పజెప్పేస్తారు. మధ్యలో ఉన్న ‘కె’ మీద వేలు పెట్టి ఇదేంటి అంటే మళ్లీ ‘క’ నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తారు. అంటే పాట వచ్చింది, అక్షరం రాలేదు. అందుకని నేను వర్ణమాల వరుసను పక్కన పెడతాను. త, ల, వ, క, ప, డ, గ, న ముందు తీసుకుంటాను. ఈ ఎనిమిదితోనే తల, వల, కల, పలక, గడప, పడవ, నడక అని నిజమైన మాటలు పుడతాయి. మొదటి రోజే పిల్ల ఒక మాట చదువుతుంది, అది చాలా పెద్ద విషయం. ‘పలక’ చదివి తన చేతిలోని పలక వైపు చూసుకున్న పిల్లాడి మొహం నాకింకా కళ్ల ముందు ఉంది. తర్వాత దీర్ఘం ఒక్కటే కలుపుతాను: తాత, పాప, వాన. పదిరోజులు దాని మీదే ఉండాలి. ఆ తర్వాత గుడి, గుడి దీర్ఘం. ఒక్కో గుర్తుకూ దాదాపు రెండు వారాలు పడుతుంది, తొందరపడితే అన్నీ కలిసిపోతాయి. ప, వ, మ, య ఒకదానికొకటి పొరబడే అక్షరాలు, ఇవన్నీ ఒకే రోజు చెప్పొద్దు.

ఎక్కువ మంది ఆగిపోయేది ఒత్తుల దగ్గర. తలకట్టు తీసేస్తే మిగిలేది ఒత్తు అని మనం చిన్నప్పుడు నేర్చుకున్నాం. కానీ క, త, న, మ, య, ర, ల ఒత్తులకు రూపమే మారిపోతుంది. మళ్లీ మన మాటల్లో ఎక్కువగా వచ్చేవి అవే: అక్క, అత్త, అన్న, అమ్మ, అయ్య, పిల్లి. ఈ ఏడింటినీ విడిగా, ఇంట్లో పిలిచే మాటలతోనే నేర్పండి. మాట ముందే నోట్లో ఉంటుంది కాబట్టి గుర్తు అతుక్కుంటుంది. పుస్తకం, వర్షం లాంటి సంయుక్తాలు వీటి తర్వాతే. ఇక్కడిదాకా వచ్చిన పిల్లకు చదవడానికి కథలు కావాలి. పాఠ్యపుస్తకం ఆ పిల్లకు ఇంకా బరువే. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు స్థాయిల వారీగా ఉచితంగా దొరుకుతాయి. ప్రింట్ తీసి తీసుకెళ్లండి, ఫోన్‌లో చూపించకండి. ఫోన్ కనపడితే ఇక కథ ఎవరికీ పట్టదు.

మీవైపు ఇంకో విషయం ఉంటుంది. నానక్‌రాంగూడ, కోకాపేట దాకా అపార్ట్‌మెంట్లు కట్టే కూలీల పిల్లలు ఆ బడుల్లో చేరతారు. ఒడిశా నుంచి, బీహార్ నుంచి, ఇటు పాలమూరు తండాల నుంచి. ఇంట్లో ఒడియానో, హిందీనో, లంబాడీ మాటో ఉంటుంది. అలాంటి పిల్లకు ‘గడప’ అన్న మాటే తెలియకపోవచ్చు. అప్పుడు అక్షరం కంటే ముందు మాటలు కావాలి, వస్తువు చూపించి మాట్లాడించాలి. ఆ పిల్ల మొద్దు అని ఎవరైనా అంటే నమ్మకండి. ఒడియా, హిందీ, కొంచెం తెలుగు మాట్లాడే ఏడేళ్ల పిల్ల మొద్దు ఎలా అవుతుంది?

లెక్కల్లో చూడాల్సినవి రెండే రెండు. ‘నూట ఐదు’ రాయమనండి. చాలామంది 1005 అని రాస్తారు. నూరు రాసి పక్కన ఐదు పెట్టారు, విన్నది విన్నట్టే రాశారు, పాపం. వందలు, పదులు, ఒకట్లు అని మూడు సైజుల అట్టముక్కలు చేసి, 100 అని రాసిన పొడుగు ముక్క చివర మీద 5 అని రాసిన చిన్న ముక్క పెట్టి చూపిస్తే రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. ఇంగ్లీష్ మీడియం పిల్లలకు థర్టీన్, థర్టీ తేడా వినపడదు, ఉర్దూ ఇంట్లో మాట్లాడే పిల్లలకు ఇరవై దాటాక ప్రతి అంకెకూ ఒక కొత్త పేరు. తెలుగులో ఇరవై ఒకటి నుంచి వరుస తేలిక. మీ పిల్ల ఏ భాషలో లెక్కపెడుతోందో విని, ఆ భాషలోనే లెక్క చెప్పండి, అంకె రాయడం ఎలాగూ ఒకటే.

రెండోది తీసివేత. 52లోంచి 37 తీయమంటే 25 అంటారు. ఏడులోంచి రెండు తీసేశారన్నమాట, పెద్దదాంట్లోంచి చిన్నది. ‘పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో’ అని వంద సార్లు చెప్పినా అది మంత్రమే. కాగితంతో చేసిన పది రూపాయల నోట్లు ఐదు, రూపాయి బిళ్లలు రెండు చేతికిచ్చి, నాకు ముప్పై ఏడు ఇవ్వు అనండి. మూడు నోట్లు ఇస్తుంది, తర్వాత ఏడు రూపాయలు ఇవ్వడానికి చిల్లర లేదు. ఒక నోటు చిల్లర మార్చుకోవాలని పిల్ల తనే చెప్తుంది. బోరబండలో ఒక పిల్లాడు వాళ్ల నాన్న మిర్చి బండి దగ్గర కూర్చుని యాభైకి చిల్లర ఠక్కున ఇచ్చేవాడు, పలక మీద మాత్రం అదే లెక్క తప్పు చేసేవాడు. చిల్లర మార్చే ఆ పనిని పలక మీద అంకెల పక్కనే పెట్టి చేయించాను. మూడో వారానికి కాగితం నోట్లు పక్కకు నెట్టేశాడు. ఎక్కాలు కూడా ముఖ్యమే, కాకపోతే అవి బడిలో ఎలాగూ వల్లె వేయిస్తారు, మీ గంట దానికి వాడకండి.

ఇంగ్లీష్ చెప్పాలా అన్నారు. 2022–23 నుంచి మన ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీష్ మీడియం వచ్చింది, పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీష్. తల్లిదండ్రులు కూడా ఇంగ్లీషే అడుగుతారు, వాళ్ల ఆశ న్యాయమైనది. అయినా ఏ భాషలోనూ చదవడం రాని పిల్లకు ముందు తెలుగులో చదవడం నేర్పండి అనే నేను చెప్తాను. రాసినట్టే పలికే లిపి కాబట్టి, గుర్తులను కలిపితే మాట అవుతుందన్న రహస్యం ఇక్కడ తొందరగా దొరుకుతుంది. ఇంగ్లీష్‌కు చివరి పది నిమిషాలు ఇవ్వండి, అది కూడా మాట్లాడించడానికి.

గంటలో మొదటి పది నిమిషాలు పోయినసారి చెప్పింది, తర్వాత పాతిక నిమిషాలు చదువు, పావుగంట లెక్కలు, మిగిలింది ఇంగ్లీష్ మాటలకు. చాక్లెట్లు పంచొద్దు. నేను పంచాను, రెండో నెలకు పిల్లలు సంచి వైపు చూడటం మొదలుపెట్టారు. బర్త్‌డేకు బ్యాగులు, షూస్ కొనివ్వాలనిపిస్తే హెచ్‌ఎం ద్వారా బడికి ఇవ్వండి, ఒక్క పిల్లకు ఇవ్వొద్దు. అల్లరి చేస్తే కొట్టడం, తిట్టడం, నిలబెట్టడం ఏదీ కుదరదు. విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ శారీరక శిక్షనూ, మానసిక వేధింపునూ నిషేధించింది. తల్లే వచ్చి, నాలుగు దెబ్బలెయ్యండి టీచర్, ఎవరూ ఏమనరు అంటుంది. నవ్వి ఊరుకోకండి, కొట్టనమ్మా అని పిల్ల ముందే చెప్పండి. ఆ మాట పిల్ల వింటుంది.

బడిలోని టీచర్లతో ఎలా ఉంటారన్న దాని మీద మీ పని సగం ఆధారపడి ఉంటుంది. వాళ్లు మీలాంటి వాళ్లను ముందే చూసి ఉంటారు. నాలుగు వారాలు వచ్చి, ఫొటోలు దిగి, కనపడకుండా పోయినవాళ్లను. మొదట్లో ముభావంగా ఉంటే మనసులో పెట్టుకోకండి. ఎన్నికల డ్యూటీలు, సర్వేలు, భోజనం లెక్కలు, ఇవన్నీ వాళ్ల నెత్తి మీదే ఉంటాయి. వెళ్లేముందు ఐదు నిమిషాలు టీచర్ దగ్గర ఆగి, ఈ రోజు ఫలానా పాప ‘ల’ ఒత్తు పట్టుకుంది మేడం అని చెప్పండి. మరుసటి రోజు ఆమె ఆ పాపతో చదివిస్తుంది. వారంలో మీరు ఇవ్వలేని నాలుగు రోజులు అలా కలుస్తాయి.

భద్రత గురించి మొహమాటం లేకుండా చెప్తున్నాను. ఏ పిల్లతోనూ మూసిన గదిలో ఒంటరిగా కూర్చోవద్దు, తలుపు తీసి ఉంచండి, వరండా అయితే ఇంకా మంచిది. బండి మీద ఇంటి దగ్గర దింపొద్దు. పిల్లల మొహాలు కనపడే ఫొటోలు, పేర్లు మీ స్టేటస్‌లో పెట్టొద్దు. పిల్ల ఎప్పుడైనా తన మీద ఎవరో చెయ్యి వేశారని, కొడుతున్నారని చెప్తే, ఎవరికీ చెప్పనులే అని మాట ఇవ్వకండి. నెమ్మదిగా వినండి, గుచ్చి గుచ్చి అడగకండి, హెచ్‌ఎంకు చెప్పి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. లైంగిక వేధింపు అని తెలిస్తే లేదా అనుమానం ఉంటే పోలీసులకు తెలపడం 2012 పోక్సో చట్టం ప్రకారం మన బాధ్యత, మనకెందుకులే అని ఊరుకోవడానికి వీల్లేదు.

కొందరు పిల్లలు ఏడాది మధ్యలోనే వెళ్లిపోతారు. పని జరిగే బిల్డింగ్ పూర్తయితే మకాం మారుతుంది. చెప్పి వెళ్లరు, ఆ పిల్లలకే ముందు తెలియదు. సంక్రాంతికి ఊరెళ్లి రానివాళ్లూ ఉంటారు. నాకు ప్రతిసారీ బాధగానే ఉంటుంది. అందుకే ఇప్పుడు ప్రతి పిల్లకూ ఒక అరపేజీ రాసి వాళ్ల బ్యాగులో పెట్టి ఉంచుతాను: ఏ అక్షరాలు వచ్చు, ఏ ఒత్తు దగ్గర ఉంది, ఏ లెక్క చేయగలదు. వెళ్లిన చోట ఎవరైనా చూస్తే పనికొస్తుంది.

మీరు వెళ్లిపోవడం గురించి కూడా ముందే అనుకోవాలి. నాలుగో ఏడాది మా ఆఫీసులో పని ఎక్కువై ఆరు వారాలు బడికి వెళ్లలేదు, ఎవరికీ చెప్పలేదు కూడా. తిరిగి వెళ్లేసరికి ఆరుగురిలో నలుగురే మిగిలారు. నా దగ్గరికి పరుగెత్తుకొచ్చే పాప ఆ రోజు దూరంగా కూర్చుని, “నువ్వు కూడ పోతవా టీచర్?” అని అడిగింది. దానికి ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత ఒక్క వారం రాలేకపోయినా ముందే పిల్లలకు చెప్పి, గోడ మీద క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ వాళ్ల చేతే సున్నా పెట్టిస్తున్నాను. మీకు రేపు బెంగళూరు ట్రాన్స్‌ఫర్ వస్తే కనీసం నెల ముందు పిల్లలకు చెప్పండి, మీ నోట్‌బుక్ టీచర్ చేతికి ఇచ్చి వెళ్లండి.

జూన్ 12న బడులు తెరిచాక మొదలుపెడితే ఏడాది మొత్తం దొరుకుతుంది. అప్పటిదాకా ఆగడం ఇష్టం లేకపోతే ఈ శనివారమే వెళ్లి హెచ్‌ఎం గారిని కలవండి. నాలుగు భాగాల ఆ కాగితం మాత్రం చేత్తోనే రాసుకోండి, ‘మ’, ‘య’ విడివిడిగా తెలిసేంత పెద్దగా.